సువాసన నూనెలకూ కొలత చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఎసెన్షియల్ ఆయిల్స్ మీద వచ్చిన పేజీ చదివాను. నిద్ర పట్టకపోతే లావెండర్, జలుబు చేస్తే నీలగిరి తైలం, మొటిమలకు టీ ట్రీ, పంటి నొప్పికి లవంగ నూనె అని వరసగా చెప్పుకుంటూ వెళ్లారు. ఎంత వాడాలన్నది మాత్రం ఎక్కడా లేదు. ప్రతిచోటా 'కొన్ని చుక్కలు' అని వదిలేశారు. పైగా పసిపిల్లలకు ముక్కు దిబ్బడ వేస్తే నీలగిరి తైలం ముక్కు దగ్గర, ఛాతీ మీద రాయమన్నారు. ముఖ్యంగా ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పిల్లల ఎమర్జెన్సీ వార్డులో స్టాఫ్ నర్సుని. ఈ నూనెల వల్ల మా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉంటాను.

నూనె అనే మాట వినగానే జనం కొబ్బరినూనెనో నువ్వుల నూనెనో తలుచుకుంటారు. వీటికీ వాటికీ సంబంధం లేదు. ఆకుల్నీ పువ్వుల్నీ ఆవిరితో మరిగించి తీసిన గాఢమైన సారం ఇది. కిలో గులాబీ నూనె రావాలంటే వేల కిలోల రేకులు కావాలి. నీలగిరి తైలంలో ఎక్కువ భాగం సినియోల్, లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్. రెండూ ఒంట్లోకి వెళితే మందులాగే పనిచేస్తాయి, మోతాదు మించితే విషమవుతాయి. చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే అనుకోవడం దగ్గరే ప్రమాదం మొదలవుతోంది.

ఒక రాత్రి రెండేళ్లు కూడా నిండని బాబుని ఎత్తుకొచ్చారు. వాళ్లు లోపలికి రాకముందే వాసన వచ్చింది. మనిషి మత్తుగా, మెడ వాల్చేసి ఉన్నాడు, మధ్యమధ్య ఆగకుండా దగ్గుతున్నాడు. వెనకే వచ్చిన వాళ్ల నాయనమ్మ చేతిలో చెంచా అలాగే ఉంది. దగ్గు మందు, నీలగిరి తైలం రెండూ గోధుమరంగు సీసాలే, రెండూ ఒకే అరలో. "లైటు వేస్తే పూర్తిగా లేచిపోతాడని చీకట్లోనే తీశాను తల్లీ" అని ఒకటే ఏడుపు. చిన్నపిల్లలకు ఈ తైలం రెండు మూడు మిల్లీలీటర్లు లోపలికి వెళ్లినా మత్తు రావచ్చు. ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ.తో స్పృహ తప్పి, ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి. సాధారణంగా అరగంటలోపే లక్షణాలు కనిపిస్తాయి, కొందరిలో కొన్ని గంటలు ఆలస్యమవుతాయి. అందుకే పిల్లాడు బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

బాబుని పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాం. వాళ్లమ్మ నన్ను అడిగింది: "దార్లోనే వేలు పెట్టి కక్కిస్తే పోయేది కదండీ?" అస్సలు వద్దమ్మా అని చెప్పాను. పల్చటి నూనె కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కడుపులో ఉన్నదానికంటే ఊపిరితిత్తుల్లోకి పోయింది ఎక్కువ నష్టం చేస్తుంది, న్యుమోనియా వస్తుంది. ఉప్పునీళ్లు తాగించడం లాంటివీ చేయకూడదు. సీసా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి రావాలి. అందులో ఏముందో, ఎంత తగ్గిందో చూస్తే డాక్టరుకి సగం పని తేలికవుతుంది. ఆ బాబు తెల్లవారాక కళ్లు తెరిచి అమ్మని అడిగాడు. నాయనమ్మగారి తప్పేమీ లేదని నేను ఇప్పటికీ అంటాను. ఆ రెండు సీసాలూ ఒకేచోట ఉండకూడదని ఆవిడకి ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఇక మీరు రాసిన ఆ వాక్యం సంగతి. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర మెంథాల్, నీలగిరి, కర్పూరం లాంటి ఘాటైనవి రాస్తే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లకి ముక్కు తెరిచినట్టు హాయిగా అనిపించే అదే ఘాటు, పసివాళ్లకి ఊపిరాడనివ్వదు. కర్పూరం చర్మం నుంచి కూడా లోపలికి వెళుతుంది, ఫిట్స్ తెప్పిస్తుంది. అమెరికాలో ఒంటికి రాసుకునే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదన్న నియమం 1980ల నుంచే ఉంది. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలున్నాయి, వాటితో సరిపోతుంది. మూర్ఛ ఉన్నవాళ్లు, వాళ్లు ఏ వయసు వాళ్లైనా, నీలగిరి తైలానికీ కర్పూరానికీ రోజ్‌మేరీ నూనెకీ దూరంగా ఉండటం మంచిది.

లవంగ నూనె పంటి మీద నేరుగా పోస్తే చిగుళ్లు కాలతాయి. చిన్నపిల్లలు మింగితే లివర్ దెబ్బతింటుంది. పారాసిటమాల్ ఎక్కువైతే ఎలా పాడవుతుందో అలాగే. నొప్పులకు వాడే వింటర్‌గ్రీన్ నూనె ఇంకా భయపెడుతుంది. అది దాదాపు మొత్తం మిథైల్ శాలిసిలేటే, అంటే ఆస్పిరిన్ జాతి పదార్థమే. ఒక్క టీస్పూన్‌లో 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినంత సరుకు ఉంటుంది. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకునే పెద్దవాళ్లు దీన్ని మోకాళ్లకు రుద్దుకున్నా రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. కాళ్లకు రాసుకునేదాని గురించి డాక్టరుకి చెప్పాలని వాళ్లకి తట్టదు, మనమే అడగాలి.

పెద్దవాళ్లు చర్మానికి రాసుకోవడం గురించి కొలతలతో చెప్పాల్సింది. ఏ నూనె అయినా సీసాలోంచి నేరుగా రాయకూడదు. కొబ్బరి, నువ్వుల లాంటి మామూలు నూనెలో కలిపే రాయాలి. ముఖానికైతే ఒక శాతం, ఒంటికైతే రెండు శాతం చాలు. మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు అనుకుంటే 10 మి.లీ. నూనెలో ముఖానికి రెండు చుక్కలు, ఒంటికి నాలుగు. అంతకు మించితే గుణం పెరగదు, దురద, మంట పెరుగుతాయి. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూసుకోవాలి. ఒకసారి అలర్జీ పట్టుకుందంటే ఆ తర్వాత అదే వాసన ఉన్న సబ్బు, క్రీము తగిలినా దద్దుర్లొస్తాయి, అది జీవితాంతం ఉండొచ్చు. పాతబడిన నూనెతో ఈ గొడవ ఇంకా ఎక్కువ, ముఖ్యంగా టీ ట్రీ, నిమ్మజాతి నూనెలతో. గాలి తగిలి మారిపోతాయి. సీసా తెరిచిన తేదీ మీద రాసి పెట్టుకుని ఏడాది దాటితే ఒంటికి వాడటం మానేయాలి.

స్నానం నీళ్లలో నాలుగు చుక్కలు వేసుకోమని కూడా రాశారు. నూనె నీళ్లలో కలవదు కదండీ. పైన తేలి, ఎక్కడ సున్నితమైన చర్మం ఉంటే అక్కడే అతుక్కుని మండుతుంది. అలా జరిగితే ఉత్త నీళ్లు పోసుకుంటే లాభం లేదు, సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం పదిహేను నిమిషాలు నీళ్ల ధార కింద కడిగి డాక్టరుకి చూపించాలి. బెర్గమాట్ అనే నిమ్మజాతి నూనె, తొక్కల్ని పిండి తీసిన నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి.

నూనె వాసనను గదిలోకి వదిలే డిఫ్యూజర్ రాత్రంతా పెట్టుకుని పడుకునేవాళ్లున్నారు. అరగంట పెట్టి ఆపేయండి, కిటికీ తెరిచి ఉంచండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే అసలు పెట్టకపోవడమే మేలు. పిల్లుల లివర్‌కి ఈ పదార్థాల్ని విరిచే శక్తి చాలా తక్కువ. బొచ్చు మీద పడ్డ తుంపర నాక్కున్నా జబ్బు పడతాయి.

ఈ నూనెలు వాడొద్దని నేను అనడం లేదు. డ్యూటీ దిగాక నేనూ లావెండర్ వాసన చూస్తే హాయిగా ఉంటుంది. కానీ మందుకి ఇచ్చిన జాగ్రత్త వీటికీ ఇవ్వాలి. తయారుచేసేవాళ్లు పిల్లలు తీయలేని మూత, చుక్కచుక్కగా మాత్రమే కారే బిరడా పెట్టి అమ్మాలి. ఇంట్లోవాళ్లు వీటిని దగ్గు మందు, కంటి చుక్కలు ఉండే అరలో కాకుండా తాళం పడేచోట పెట్టుకోవాలి.

మీ ఆదివారం పేజీలు కత్తిరించి దాచుకునే ఇళ్లు చాలా ఉంటాయి. కాబట్టి ఏ నూనె ఎంత, ఏ వయసు వాళ్లకి కూడదు, పొరపాటున తాగితే ఏం చేయాలి అన్న మూడు విషయాలూ డాక్టరుతో సరిచూయించి, లోపలెక్కడో చిన్న అక్షరాల్లో కాకుండా వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్దగా వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక స్టాఫ్ నర్సు, పిల్లల ఎమర్జెన్సీ వార్డు