గిరిప్రదక్షిణ మర్నాడు కూడా కుర్రాళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరిప్రదక్షిణలో దారి పొడవునా మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర పంచేది ఎక్కువగా కుర్రాళ్లే. భజన సమాజాలు, వీధి రామమందిరాలు, వినాయక చవితి కమిటీల పిల్లలు తలా కొంత వేసుకుని షామియానా వేస్తారు. కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన భక్తులు హనుమంతవాక, అప్పుఘర్ దాటి మా ఎంవీపీ కాలనీ చేరేసరికే కాళ్లు లాగేస్తుంటాయి. మొత్తం 32 కిలోమీటర్లాయె. మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం ఇంకా ముందే ఉంటాయి. పెద్దావిడ ఎవరైనా కూలబడితే పరిగెత్తేదీ, తప్పిపోయిన పిల్లాణ్ని భుజానేసుకుని మైకులో పేరు చెప్పించేదీ వీళ్లే. ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీయడని తల్లి తిట్టే కుర్రాడు అక్కడ తెల్లవార్లూ నిలబడతాడు. భక్తి ఒక్కటే కాదు, నలుగురిలో తనను నమ్మి ఒక పని అప్పజెప్పారన్న పట్టుదల కూడా.

యువతలో విలువలు తగ్గిపోతున్నాయని మన హిందూ సంఘాల పెద్దలు సభలు పెడుతుంటారు. జనవరి 12 వస్తే వివేకానందుడి పేరిట ఒక ర్యాలీ, ఒక ఉపన్యాసం, ఒక సర్టిఫికెట్. వద్దనను. కానీ ఆ మజ్జిగ పందిట్లో ఒక్క రాత్రిలో వచ్చే ఓర్పు ఏ ఉపన్యాసంతోనూ రాదు.

చిక్కల్లా ఆ పని సగంలో ఆగిపోవడమే. మర్నాడు పొద్దున మా కాలనీ డబుల్ రోడ్డు చూడండి: గ్లాసులు, ప్లేట్లు, తొక్కిన అరటిపళ్లు. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధమే అయినా ఏటా కనిపిస్తాయి. కుర్రాళ్లు నిద్రపోతుంటారు, పారిశుద్ధ్య కార్మికులు ఊడుస్తుంటారు. పుణ్యం మనకు, చీపురు వాళ్లకు!

కాబట్టి దేవస్థానం, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కలిసి పందిరికి అనుమతి ఇచ్చేటప్పుడే షరతు పెట్టాలి. స్టీలు గ్లాసులు, అవి కడగడానికి నీళ్ల తొట్టె ఉండాలి. పొద్దెక్కేలోగా పందిరి ముందు రోడ్డు శుభ్రమవ్వాలి. దరఖాస్తులో బాధ్యులుగా కమిటీ పెద్దల పేర్లు కాకుండా ఇద్దరు యువకుల పేర్లు రాయించాలి. అందులో ఒకరు ఆడపిల్లైతే మరీ మంచిది. మన కమిటీల్లో అమ్మాయిలను ముగ్గులకు, కోలాటానికి పిలుస్తారు గానీ చందాల పుస్తకం మాత్రం ఎప్పుడూ చేతికివ్వరు. ఆ పుస్తకం ఇవ్వాలి, పండగయ్యాక జమాఖర్చుల కాగితం మందిరం గోడకు అంటించే పనీ వాళ్లకే ఇవ్వాలి. పది రూపాయలు ఇచ్చినవాడు కూడా వచ్చి చదువుకుంటాడని తెలిస్తే లెక్క దానంతటదే సరిగ్గా రాస్తారు. (ఫ్లెక్సీలో స్వామి కన్నా నాయకుడి బొమ్మ పెద్దదిగా ఉండటం సంగతి ఇంకోసారి రాస్తాను.)

వినాయక చవితి పందిళ్లకూ ఇదే వర్తిస్తుంది. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ ఆపాలన్న నిబంధన 2000 నుంచే ఉంది. పోలీసులు వచ్చి ఆపించేదాకా ఆగకుండా, డీజే ముందు ఎగురుతున్న స్నేహితులకు ఎదురు చెప్పి స్విచ్ కట్టేసే కుర్రాడు ఒక్కడు తయారైనా ఆ కమిటీ చందాలకు ఫలితం దక్కినట్టే.

ఈసారి గిరిప్రదక్షిణ ఏర్పాట్ల సమావేశానికి అధికారులతో పాటు పందిళ్లు వేసే కుర్రాళ్లనూ పిలవాలని దేవస్థానం వారిని కోరుతున్నాను. దారి మొత్తం ఒకేసారి కుదరకపోతే, ముందు అప్పుఘర్ నుంచి వెంకోజీపాలెం దాకా అమలు చేసి చూడొచ్చు.

- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం