కుక్క ఎలుకల మందు తింటే

అందరికీ నమస్కారం. ఊడుపులయ్యాక గట్ల మీద ఎలుకల మందు పెడతారు, కుక్కలు వాసనకి పోతాయి. అందుకే ఈ మెసేజ్.

ముందు నోట్లో మిగిలింది తడిగుడ్డతో తుడిచేయండి. మందు ప్యాకెట్ ఫోటో తీయండి. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకి, కుక్క బరువెంత అన్నవి డాక్టరుకి ఫోన్లో చెప్పండి. పేరు తెలియకపోతే వైద్యం గుడ్డిగా సాగుతుంది.

ఉప్పునీళ్లు, చింతపండు రసం, పాలు, నూనె ఏవీ పట్టొద్దు. ఉప్పు ఎక్కువైతే అదే ఫిట్స్ తెస్తుంది, చింతపండు కుక్క కిడ్నీలని పాడుచేస్తుంది. వాంతి చేయించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే 3 శాతందే, కుక్క బరువు కిలోకి 1-2 ఎం.ఎల్., మొత్తం 45 ఎం.ఎల్. దాటకూడదు. అదీ డాక్టరు పట్టమంటేనే. షాపులో '20 వాల్యూమ్' సీసా ఇస్తే అది 6 శాతం, కడుపు కాలుతుంది. మత్తుగా ఉన్నా, ఫిట్స్‌తో కొట్టుకుంటున్నా, కిరోసిన్, యాసిడ్ తాగినా వాంతి చేయించొద్దు.

నల్లపొడి (జింక్ ఫాస్ఫైడ్) అయితే అన్నం పెట్టకండి. కడుపులో ఆమ్లం పెరిగి విషవాయువు ఎక్కువ పుడుతుంది. కక్కితే ఆ గాలి మనకీ ప్రమాదమే, తీసుకెళ్లేటప్పుడు కారు అద్దాలు దించండి.

బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు బిళ్లతోనే మోసపోతాం. రెండు మూడు రోజులు కుక్క హుషారుగానే ఉంటుంది, తర్వాత లోపల రక్తం కారుతుంది. తిన్నరోజే చూపించండి. దీనికి విరుగుడైన విటమిన్ కె1 వారాల తరబడి వాడాలి, మధ్యలో మానొద్దు.

చొంగ, వణుకు, కంటిపాప చిన్నదైతే పురుగుమందు అనుకోండి. ఒంటి మీద పడితే గ్లోవ్స్ వేసుకుని గిన్నెల సబ్బుతో కడిగి బయల్దేరండి.

పశువుల అంబులెన్స్ 1962. విజయనగరం వైపు వాళ్లకి గరివిడి వెటర్నరీ కాలేజీ ఉంది.