కెర్నల్ బూట్ చేయకుండానే ఓఎస్ పాసైపోతున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఒడిశాలోని రాయగడ నుంచి రాస్తున్నానండి. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఇంజినీరింగ్ చదివే మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు, ఆపరేటింగ్ సిస్టమ్స్ (ఓఎస్) పేపర్ పాసైనవాళ్లని అడిగితే డెడ్‌లాక్‌కి (ప్రోగ్రాములు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోవడానికి) నాలుగు కండిషన్లు గడగడా చెప్పేస్తారు గానీ చిన్న కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయలాంటి కోడ్) అయినా బూట్ చేశారా, అంటే కంప్యూటర్‌లో మొదలుపెట్టి నడిపారా అంటే లేదు సార్ అంటారు. తప్పు వాళ్లది కాదు. మొత్తం కెర్నల్ రాయాలంటే సెమిస్టర్ చాలదని ల్యాబ్‌లో అసలు మొదలే పెట్టరు.

మొత్తం రాయక్కర్లేదు కదా. అమెరికాలో యూటా యూనివర్సిటీ వాళ్లు 1997కే ఓఎస్‌కిట్ అని చేసి చూపించారు, డ్రైవర్లు (పరికరాల్ని నడిపే కోడ్) లైనక్స్ అనే ఓఎస్‌వి, నెట్‌వర్క్ కోడ్ ఫ్రీబీఎస్‌డీ అనే ఓఎస్‌ది, ఫైల్ సిస్టమ్ నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్‌ది, ఆ కోడ్‌ని పెద్దగా మార్చకుండా చుట్టూ గ్లూ కోడ్ (ముక్కల్ని అతికించే కోడ్) రాశారు, ఎవరికి ఏ ముక్క కావాలంటే అది తీసుకోవచ్చు.

నన్నడిగితే అసలు చదువంతా ఆ గ్లూలోనే ఉంది. మెమరీ ఎవరిస్తారు, ఇంటరప్ట్ (పరికరం పంపే సిగ్నల్) వస్తే డ్రైవర్‌ని ఎవరు పిలుస్తారు, పని ఆగితే ఎలా నిద్రపోవాలి, ఇవన్నీ తన సొంత కెర్నల్లో ఉన్నట్టే ఉంటాయనుకుని డ్రైవర్ రాసుంటారు, వేరేచోట పెట్టగానే అవన్నీ మనమే సర్దాలి. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్క) సంగతే చూడండి, అప్పటి లైనక్స్ డ్రైవర్‌కి అది మెమరీలో ఒకేచోట వరసగా ఉండాల్సొచ్చేది, ఫ్రీబీఎస్‌డీ ఏమో ముక్కలుగా గొలుసుకట్టి పెట్టుకునేది. అందుకే ఓఎస్‌కిట్‌లో వచ్చే ప్యాకెట్ కాపీ లేకుండా డ్రైవర్ నుంచి ఫ్రీబీఎస్‌డీ కోడ్‌కి వెళ్లిపోయేది, పంపేదాన్ని మాత్రం కాపీ చేయాల్సొచ్చి స్పీడ్ తగ్గింది. ఇది ఒక్కసారి తన చేత్తో చేసిన పిల్లకి బఫర్ (డేటాని కాసేపు ఉంచే మెమరీ చోటు) అంటే ఏంటో వేరే చెప్పాలా?

ఓఎస్‌కిట్ పాతబడింది, నిజమే. ఇప్పుడు అదే దారిలో నెట్‌బీఎస్‌డీ రంప్ కెర్నల్స్, మిరాజ్‌ఓఎస్, యూనిక్రాఫ్ట్ ఉన్నాయి, అన్నీ ఓపెన్ సోర్సే. బోర్డులు కొనక్కర్లేదు, ల్యాబ్‌లో ఉన్న పీసీలోనే క్యూఈఎంయూ (పీసీ లోపలే ఇంకో ఉత్తుత్తి పీసీ నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుంటే చాలు, కెర్నల్ క్రాష్ అయినా పీసీకేం కాదు. లైసెన్సుల సంగతి మాత్రం ముందే చెప్పాలి, లైనక్స్ కోడ్ కలిపి బయటకిస్తే దాని లైసెన్స్ జీపీఎల్ ప్రకారం సోర్స్ కూడా ఇవ్వాలి.

మీ చదువు పేజీలో ఎంట్రన్స్ బిట్లు వేస్తున్నారు, మంచిదే, వారానికోసారి ఇలాంటి ల్యాబ్ పని కూడా తెలుగులో వేయండి. స్కూల్లో ఒడియాలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మా పిల్లలకి ఇంగ్లీష్ మాన్యువల్ మొదటి పేజీలోనే భయం పుడుతోంది. ఇక్కడి కాలేజీల సార్లు కూడా ఈ ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టుల్లో కనీసం ఒక్క బ్యాచ్‌కైనా ఒక డ్రైవర్, ఒక ఫైల్ సిస్టమ్ ఇచ్చి కలిపి బూట్ చేయమనాలని కోరుతున్నా.

ఇట్లు,
మీ పాఠకుడు, రాయగడ