కొనేవారికి సొంత ఏజెంటు అవసరమా?

సంపాదక మహాశయులకు,

ఇల్లు కొనేటప్పుడు అమ్మకందారు తరఫు ఏజెంటు ఉండగా మనకు మరొకరెందుకన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఇల్లు చూపిస్తూ ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఆయన బాధ్యత అమ్మేవారి పట్లనే ఉంటుంది కనుక, ‘అవసరమైతే ఇంకొంత పెంచుతాం’ అని మనం యథాలాపంగా అన్న మాట ఆ సాయంత్రానికే అవతలివారి చెవిన పడవచ్చు. మేము చూసిన ఒక ఇంట్లో, కొత్తగా రంగు వేసిన గోడ మూలను గోటితో గీకి లోపలి చెమ్మను చూపింది మేము పెట్టుకున్న ఏజెంటే. అయితే కమీషన్ ధరలో శాతంగా ఉన్నంతకాలం, బేరమాడి ధర తగ్గించడం ఆయనకూ కొంత నష్టమే. అందుకే నిర్ణీత రుసుము మాట్లాడుకుని, అమ్మకందారు నుంచి ఏమీ తీసుకోవడం లేదని రాతపూర్వకంగా హామీ పొందడం మేలు. దస్తావేజుల పరిశీలన మాత్రం న్యాయవాదికే అప్పగించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు