మాధవరం బస్టాండ్‌లో నేను నేర్పిన తప్పు

చి. చిట్టికి, అమ్మ ఆశీస్సులు.

జ్వరం తగ్గిందని నిన్న ఫోన్లో చెప్పావు, ప్రాణం కుదుటపడింది. మిగతా సంగతి అడగబోతే "రూమ్మేట్స్ ఉన్నారమ్మా" అని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన శనివారం వణుక్కుంటూ ఇంటికొచ్చి, వీపు వైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని "ఇక్కడ నొప్పమ్మా" అన్నావు చూడు, అప్పుడే నాకు సగం అర్థమైంది. పెరంబూర్‌లో ఈ ల్యాబ్‌లో ఇన్నేళ్ళుగా రోజూ ఎవరెవరి శాంపిళ్ళో చూస్తున్నాను. సీసా మీద నీ పేరు రాసి చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆడలేదు. నీ యూరిన్ ఆముదంలా ముదురు పసుపు, పైగా మబ్బు. స్ట్రిప్ ముంచితే, క్రిములున్నాయేమో చెప్పే నైట్రైట్ గడి నిమిషంలో గులాబీ రంగుకి తిరిగింది. మైక్రోస్కోప్ కింద చూస్తే, ఐదు లోపు ఉండాల్సిన పస్ సెల్స్, అంటే చీము కణాలు, లెక్కకి అందలేదు. రెండ్రోజులకి, క్రిముల్ని పెంచి చూసే కల్చర్ ప్లేటు నిండా గులాబీ చుక్కలు, ఈ.కోలై. మన పేగుల్లోనే ఉండే క్రిమి. అక్కడున్నంత సేపూ గొడవ లేదు.

అది పైకి, కిడ్నీ దాకా ఎలా ఎక్కిందో చెబుతాను. అంతకుముందు ఆ కిడ్నీలు చేసే చాకిరీ తెలుసుకో. ఒక్కోటి నీ పిడికిలంత, 150 గ్రాములు ఉంటుందేమో. నిమిషానికి లీటరుకు పైగా రక్తం వాటిగుండా పోతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల సన్నటి జల్లెడలు, నెఫ్రాన్లంటారు. రెండూ కలిసి రోజుకి వడకట్టేది 180 లీటర్లు. మనింటికి వచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు తొమ్మిది! ఒక్క క్యాన్ ఎత్తి పెట్టాలంటేనే నా నడుము పట్టేస్తుంది. ఆ తొమ్మిది క్యాన్లలోంచి చక్కెర, ఉప్పు, నీళ్ళు తిరిగి రక్తంలోకి లాక్కుని, యూరియాలాంటి చెత్తతో లీటరున్నరే బయటికి పంపుతాయి. నువ్వు నీళ్ళు తాగకపోతే మెదడు నుంచి కబురొస్తుంది, ఉన్న నీళ్ళని ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. ఆముదం రంగు అందుకే. పోయిన నెఫ్రాన్ మళ్ళీ పుట్టదు తల్లీ. అందుకే నాకింత భయం.

కిడ్నీల నుంచి యూరిన్ రెండు సన్నటి గొట్టాల్లో కొంచెం కొంచెంగా జారి మూత్రపు తిత్తిలోకి చేరుతుంది. తిత్తి సగం నిండకముందే మనకి తెలుస్తుంది, అర లీటరు దాకా ఓర్చుకుంటుంది. అక్కణ్ణించి బయటికి దారి మగవాళ్ళకి 20 సెంటీమీటర్లు, మనకి నాలుగే. క్రిమికి నాలుగు సెంటీమీటర్లు ఎంతసేపు? వెళ్ళిన ప్రతిసారీ ఆ ధార వాటిని కడిగి బయటికి తోసేస్తుంది. అంతకు మించిన మందు లేదు. ఆపుకుంటే మాత్రం అవి అక్కడే కాపురం పెడతాయి. అనువు దొరికితే 20 నిమిషాలకే ఒకటి రెండవుతుంది. ఆ నైట్రైట్ కూడా, యూరిన్ తిత్తిలో గంటల తరబడి నిలవుంటే అవి తయారు చేసిందే. అట్లా నీకు కిడ్నీ దాకా పాకాయి.

కాలేజీలో బాత్‌రూమ్ తలుపుకి గడియ లేదని, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా వెళ్ళనని, అందుకే నీళ్ళూ తాగనని చెప్పావు. ఈ చెన్నై ఎండలో! కోప్పడాలనుకున్నాను. అప్పుడు నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. నెల్లూరు బస్సు కోసం మాధవరం బస్టాండ్‌లో నిలబడ్డాం. నువ్వు సీసా ఎత్తితే లాక్కుని, "దారిలో బాత్‌రూమ్ ఎక్కడా ఉండదు, గుక్కెడే తాగు, ఊరొచ్చేదాకా ఓర్చుకో" అన్నాను. మా అమ్మ నాతో అన్నదీ అదే. ఓర్చుకున్నందుకు ఊళ్ళో అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా. అది నేను చేసిన తప్పు. ఆ మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. రాగానే వెళ్ళు. క్లాసు మధ్యలో అయినా లేచి వెళ్ళు. బస్సు ఆపమని అడుగు.

ఒళ్ళు తేలికైందని మాత్రలు మధ్యలో మానకు, కోర్సు పూర్తి చెయ్యి. ఎవరో ఇచ్చారని నొప్పి మాత్రలు అసలు వద్దు. ఒంట్లో నీళ్ళు తక్కువైనప్పుడు వాటిలో చాలా మాత్రలు కిడ్నీకి రక్తం వెళ్ళే దారిని ఇంకా ఇరుకు చేస్తాయి.

ఆదివారం నాన్న, నేను వస్తున్నాం. సీసా తెస్తాను. మొదటి ధార వదిలేసి మధ్యది పట్టు, మళ్ళీ నేనే చూస్తాను. ఆ గడియ సంగతి వార్డెన్‌తో మాట్లాడతాను. కుదరదంటే నాన్న సంచిలో గడియ, స్క్రూడ్రైవరు ఉంటాయి.

ఇట్లు,
మీ అమ్మ