ఏసీ గార్డ్స్ గోడలు కూలకముందే ఆ సంతకం పెట్టండి సార్

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. మేం ఏడుగురం. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది చదువుతున్నాం. మీ పేషీలో ఇచ్చిన మూడు అర్జీల మీదా ఇన్‌వర్డ్ ముద్ర పడింది కాబట్టి విషయం మళ్లీ మొదటినుంచి చెప్పను. హైదరాబాద్ ఏసీ గార్డ్స్ బస్తీలో పాత ఇళ్లను కొలిచి గీస్తున్నాం, అందుకోసం నగరం పాత మ్యాపులు చూసేందుకు ఒక అనుమతి లేఖ అడిగాం. అంతే.

ఏసీ గార్డ్స్‌లో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని మా క్లాసులో చాలామందికి తెలియదు. రోజూ అక్కడే బస్సు దిగే నాకూ తెలియలేదు. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకొచ్చిన సిద్దీల, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ల, అశ్వికదళం అది. 1948 పోలీసు చర్య తర్వాత దళం పోయింది, జీతాలు పోయాయి. మనుషులు మాత్రం ఆ సందుల్లోనే ఉండిపోయారు.

మొదటిరోజు ఒక ఇంటి గోడకు టేపు ఆనించగానే లోపల్నుంచి ఒక దాదీ ఉరికొచ్చింది. "కూలగొట్టనీకి కొలుస్తున్నరా బేటా?" అంది. కాదని నమ్మించడానికి గంట పట్టింది. నమ్మాక టేపు రెండో కొస తనే పట్టుకుంది. తలుపు కొలిస్తే ఆరడుగులు కూడా లేదు. వాళ్ల తాత వంగి లోపలికొచ్చేవాడట. ఎంత వంగేవాడో గుమ్మంలో నిలబడి చూపించింది. నెల తర్వాత వెళ్తే పక్కిల్లు లేదు, పిల్లర్లు లేస్తున్నాయి. ఆ ఇంటికి ఇప్పుడు మిగిలింది మా డ్రాయింగ్ ఒక్కటే సార్.

ఆమె మనవడు డిగ్రీ చదువుతున్నాడు. ఆటో ఎక్కితే "ఏ దేశం తమ్ముడూ?" అని అడుగుతారట. "ఏసీ గార్డ్స్" అంటే నవ్వుతారట. అతను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. 2007లో బీసీ-ఇ రిజర్వేషన్ జాబితాలో "సిద్ది, యాబా, హబ్షీ, జసి" అని రాసింది మన ప్రభుత్వమే. హబ్సిగూడ పేరులో ఉన్నదీ ఈ హబ్షీలే. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నవాళ్ల గురించి బస్తీలో ఒక్క బోర్డు కూడా మాకు కనబడలేదు.

మూసీ వరదల తర్వాత లియొనార్డ్ మన్ 1912-15 మధ్య నగరాన్ని ఇల్లిల్లూ కొలిపించి గీయించారు. ఆ షీట్లలో ఈ ఇళ్ల వరుసలు ఎలా ఉన్నాయో చూస్తే ఏ గోడ పాతదో, ఏది తర్వాత కట్టిందో తేలిపోతుంది. దాని కోసమే మా తిరుగుడంతా. ఒకచోట "పై నుంచి లెటర్ తెండి" అన్నారు. మీ పేషీలో "కిందికి పంపాం" అన్నారు. కిందికి పోతే "మాకేం రాలేదు" అన్నారు. ఫీజు కట్టమంటే కడతాం, మీ మనిషిని పక్కన కూర్చోబెట్టినా సరే. దయచేసి ఆ లేఖ ఇప్పించండి. వీలైతే మీరే ఒక్కసారి ఆ సందులోకి రండి సార్. దయచేసి రండి.

మేం ఎప్పుడెళ్లినా దాదీ గుమ్మంలోనే ఉంటుంది. "నక్షా దొరికిందా బేటా?" అని అడుగుతుంది. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఏడుగురు విద్యార్థులు