కలెక్టర్ గారూ, ఉప్పు తగ్గిస్తాం, మరి నీళ్ల సంగతి?

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. గోదావరి డెల్టా చివర, సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊరి తరఫున రాస్తున్నాను. అర్జీలకు జవాబు రాలేదు కనుక ఇలా అందరి ముందూ పెడుతున్నాను.

బీపీ ఉన్నవాళ్లను డాక్టర్లు ఉప్పు తగ్గించమంటున్నారు. సరైన మాటే. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నరాలకు, కండరాలకు ఉప్పులోని సోడియం కావాలి, కాదనం. ఎక్కువైతే మాత్రం రక్తపోటు పెరిగి గుండెకీ కిడ్నీలకీ చేటు. అందుకే చాలామంది ఆవకాయ, ఉప్పుచేప పక్కన పెట్టారు (ఉప్పుచేప మానడమంటే మా వైపు చిన్న సంగతి కాదండీ). కానీ బోరు నీళ్లే ఉప్పగా ఉంటే ఏం మానాలి? కాలువలు కట్టేసిన (అంటే నీళ్లు ఆపేసిన) వేసవిలో వాటితోనే వంట. స్తోమత ఉన్నవాళ్లు టిన్ను నీళ్లు కొంటున్నారు. కూలికి వెళ్లేవాళ్లు, వాళ్లలో గర్భిణులు కూడా, బోరు నీళ్లే తాగుతున్నారు.

తాగునీటిలో క్లోరైడ్ (ఉప్పులో సోడియంతో పాటు ఉండేది) లీటరుకు 250 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 1000 దాటకూడదని మన జాతీయ ప్రమాణం. దయచేసి మా బోర్లన్నిటిలో క్లోరైడ్, సోడియం రెండూ పరీక్ష చేయించి, ఫలితాలు సచివాలయం గోడ మీద అంటించండి. వచ్చే వేసవిలో కాలువలు కట్టేలోపే మా మంచినీళ్ల చెరువు నింపించండి. చాలకపోతే ట్యాంకర్లు పంపించండి. ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
తీరప్రాంత గ్రామస్థుడు